బుడ్డోణ్ణి తీసెయ్యాలా, వద్దా?

పిల్లలూ! మీ బడిలో ఏదో ఒక ఆటకు జట్టు ఉండే ఉంటుంది. ఆ జట్టు వరసగా రెండుసార్లు ఓడిపోయిందనుకోండి, మీరేం చేస్తారు? చెప్పనక్కరలేదు, నాకు తెలుసు. మధ్యాహ్నం అన్నాలు కాగానే చెట్టుకింద చేరి, ఓటమికి కారకుడెవడా అని వెతుకుతారు. వెతికితే ఎవడో ఒకడు దొరక్కపోడు. దొరికినవాణ్ణి జట్టులోనుంచి తీసెయ్యాలంటారు. ముప్ఫయ్యేళ్ళకు పైగా బడిలో గడిపినవాణ్ణి, ఇలాంటి విచారణలు ఎన్నో చూశాను. వాటిలో ఒకటి మాత్రం కాగితం మీదికి ఎక్కింది. ఆ కాగితం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది.

అది 2000వ సంవత్సరం, నవంబరు నెల. అప్పటికి నేను హెడ్మాస్టరును కాలేదు. చంద్రగిరి దగ్గర ఒక హైస్కూలులో లెక్కలు చెప్పే అయ్యవారిని. ఆ ఊరు అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. మా బడికి బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. పల్లెటూరి బడికి బాస్కెట్‌బాల్ ఏమిటి అంటారేమో! మా డ్రిల్లు మాస్టరుగారు మద్రాసులో వై.ఎం.సి.ఏ. వారి వ్యాయామ కళాశాలలో చదువుకున్నారు. హారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు 1920లో స్థాపించిన కళాశాల అది. మాస్టరుగారు అక్కణ్ణించి ఈ ఆటమీద ప్రేమను మూటగట్టుకుని వచ్చి, మా బడి ఆవరణలో రెండు స్తంభాలు పాతించి, కమ్మరిచేత రెండు ఇనుపరింగులు చేయించారు. వలలు మాత్రం లేవు. బంతి రింగులోనుంచి పడిందా, పక్కనుంచి పోయిందా అని రోజూ తగవే!

ఈ ఆట పుట్టుక కూడా చిత్రమైనదే. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు అనే ఊళ్ళో జేమ్స్ నెయిస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో కుర్రవాళ్ళు నాలుగు గోడలమధ్య ఆడుకోవటానికి దీన్ని కల్పించాడు. పీచిపళ్ళ బుట్టలు రెండు తెచ్చి గోడలకు పది అడుగుల ఎత్తున కొట్టించాడు. బుట్టలకు అడుగులున్నాయి గదా, బంతి పడినప్పుడల్లా నిచ్చెన వేసుకుని ఎక్కి తీయవలసివచ్చేది! బుట్టలు పోయి రింగులు వచ్చినా, ఆ పది అడుగుల ఎత్తు మాత్రం ఈనాటికీ మారలేదు.

ఒక్కొక్క జట్టుకు అయిదుగురు ఆడతారు. వాళ్ళలో బంతిని వెనకనుంచి నడిపించుకొచ్చి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి అందించేవాణ్ణి గార్డు అంటారు. సాధారణంగా జట్టులో పొట్టివాడు అతనే అయి ఉంటాడు. మా గార్డు తొమ్మిదో తరగతి పిల్లవాడు. అందరూ అతన్ని బుడ్డోడనేవాళ్ళు. పేరు చెప్పను. ఇప్పుడతను సంసారి.

ఆ నవంబరులో చిత్తూరులో జరిగిన పోటీలలో మావాళ్ళు రెండు ఆటలు ఆడి, రెండూ ఓడిపోయారు. బుడ్డోడు మొదటి ఆటలో పదిసార్లు బంతిని రింగుకు వేస్తే రెండుసార్లు పడింది. రెండో ఆటలో పదింటికి మూడు. మర్నాడు మా బడి చింతమాను కింద సభ జరిగింది. నేను పక్క గదిలో పరీక్షకాగితాలు దిద్దుకుంటున్నాను. కిటికీలోనుంచి అంతా వినబడుతూనే ఉంది.

"ఆ బుడ్డోణ్ణి తీసేస్తేగాని మనం గెలవంరా," అన్నాడు సైకిలుషాపు వాళ్ళ పిల్లవాడు.

"ఒక్క సంవత్సరం చూద్దామప్పా. చిన్నోడు గదా," అన్నాడు ఇంకొకడు.

"ఈ సంవత్సరం పోతే మేము టెన్తు అయిపోయి ఎళ్ళిపోతాం. నువ్వు చూస్తా కూచో!"

"ఇండియావాళ్ళు లక్ష్మణ్‌నే తీసేసినారు. వీడు లక్ష్మణ్ కంటే గొప్పోడా?"

ఆ మాటకు అందరూ నవ్వారు. చెనిక్కాయల పొట్టు ఎగిరింది. అప్పుడు ఒక ఆడపిల్ల, "వాణ్ణి తీసేసి ఎవర్ని పెడతారన్నా?" అని అడిగింది. ఆ పిల్లకు ఎవరూ జవాబివ్వలేదు.

సాయంత్రానికి అర్జీ తయారై నా బల్లమీదికి వచ్చింది. ఆటల సంఘానికి ఆ ఏడు నేనే పెద్దను. "అయ్యా, మా బడి గౌరవం కొరకు" అని మొదలై, కింద నలభై ఒక్క సంతకాలున్నాయి. నిజం చెప్పవద్దూ, నాక్కూడా అది సబబుగానే తోచింది. ఇరవైకి అయిదు! లెక్కలు చెప్పేవాణ్ణి గదా, అంకెలు చూస్తే నమ్మబుద్ధి వేస్తుంది. కలం తీసి, సంతకాలు ఒక్కొక్కటే చదువుతూ కిందికి వచ్చాను. అన్నిటికన్నా చివర, మూలగా, చిన్న అక్షరాలతో ఉన్న సంతకం బుడ్డోడిదే.

ఎవరైనా బలవంతం చేశారా అని మర్నాడు విచారించాను. లేదన్నారు. కాగితం చేతులు మారుతూ అతని దగ్గరికి వచ్చిందట. చదివి, సంతకం పెట్టి, పక్కవాడికి ఇచ్చేశాడట. ఆ రోజు అతను బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను కలం మూసేశాను.

మూడోనాడు లెక్కల తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయించాను. మీరూ చేసి చూడవచ్చు. పది చింతపిక్కలు తీసుకోండి. అన్నీ ఒకే సైజువి కావాలి. నాలుగింటిమీద సుద్దముక్కతో చుక్క పెట్టండి, ఆరింటిని ఊరికే వదిలెయ్యండి. అన్నిటినీ ఒక గుడ్డసంచిలో వేసి బాగా కదిలించి, చూడకుండా ఒకటి తీయండి. చుక్క ఉంటే "పడింది", లేకపోతే "తప్పింది" అని రాసుకోండి. పిక్కను మళ్ళీ సంచిలో వేసి, కదిలించి, ఇంకొకటి తీయండి. తీసిన పిక్కను తిరిగి వెయ్యటం మరచిపోతే ప్రయోగం చెడిపోతుంది సుమా! ఇలా పదిసార్లు తీస్తే ఒక ఆట అయినట్టు.

ఎందుకు నాలుగే చుక్కలన్నానంటే, సాధనలో డ్రిల్లు మాస్టరుగారు ఒక్కొక్కరిచేత నూరుసార్లు బంతి వేయించి లెక్క రాసేవారు. బుడ్డోడివి నూటికి నలభై పడ్డాయి. అంటే ఆ సంచి బుడ్డోడన్నమాట.

తరగతిలో అందరూ తలా ఒక "ఆట" ఆడారు. కొందరికి నాలుగు చుక్కలు వచ్చాయి, కొందరికి మూడు, కొందరికి అయిదు. సైకిలుషాపు పిల్లవాడికి రెండే వచ్చాయి. "నీ సంచిని జట్టులోనుంచి తీసేద్దామా?" అన్నాను. తరగతంతా గొల్లుమంది. వాడు మాత్రం నవ్వలేదు. "మళ్ళీ తీస్తా సార్," అన్నాడు. ఈసారి ఆరు వచ్చాయి.

దీనికి లెక్క ఉంది. నూటికి నలభై చొప్పున వేసేవాడు పదిసార్లు వేస్తే, సరిగ్గా నాలుగు పడటం సుమారు నాలుగు ఆటలకు ఒక్కసారే జరుగుతుంది. రెండుగాని, అంతకు తక్కువగాని పడటం ఆరు ఆటలలో ఒకసారి జరుగుతుంది. ఆరుగాని, అంతకు ఎక్కువగాని పడటమూ దాదాపు ఆరింట ఒకసారే. అనగా, అదే చెయ్యి, అదే కన్ను, అదే పిల్లవాడు. ఒకనాడు మోసుకుని ఊరేగిస్తారు, ఇంకొకనాడు అర్జీ పెడతారు! నూరుసార్లు తీస్తే ఇంత తేడా రాదు. దాదాపు ఎప్పుడూ ముప్ఫైకీ యాభైకీ నడుమనే ఉంటుంది.

అయితే, "కాబట్టి బుడ్డోడు మంచి ఆటగాడే గదా సార్?" అని ఒకడంటే, నేను ఒప్పుకోలేదు. చింతపిక్కలకు ఎదురుగా చేతులు చాపి అడ్డుకునేవాడు ఎవడూ ఉండడు. సాధనలో నలభై పడినంతమాత్రాన పోటీలో పడతాయని ఏముంది? రెండు ఆటలు చూసి చెడ్డవాడనలేమని మాత్రమే సంచి చెప్పింది. మంచివాడని చెప్పలేదు. ఆ సంగతి ఇంకోరకంగా తేల్చాలి.

అందుకని నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, చింతమాను కింద ప్రశ్న అడిగిన ఆడపిల్ల చేతికిచ్చాను. పక్క ఊళ్ళ జట్లతో మూడు సాధన ఆటలు పెట్టించాము. బుడ్డోడి ఇంటికి వెళ్ళి వాళ్ళ నాయనతో మాట్లాడి, అతన్ని పిలుచుకొచ్చింది డ్రిల్లు మాస్టరుగారు. ఆ పిల్ల, ఇంకో ఇద్దరూ గట్టుమీద కూచుని, బుడ్డోడి చేతికి బంతి వచ్చినప్పుడల్లా ఏం జరిగిందో రాశారు: ఎక్కడ నిలబడి వేశాడు, పడిందా, ఎవరికి అందించాడు, అందుకున్నవాడు వేస్తే పడిందా, బంతిని పోగొట్టుకున్నాడా.

మూడు ఆటలయ్యాక చూస్తే మాకందరికీ ఆశ్చర్యం వేసింది. దూరంనుంచి వేసినవి పన్నెండు. పడినవి రెండు. కాని అతను అందించిన బంతులతో మిగతావాళ్ళు వేసినవి లెక్కపెడితే, జట్టు పాయింట్లలో సగానికి దగ్గరగా ఉన్నాయి! మరి దూరంనుంచి ఎందుకు వేస్తున్నాడు? ఆరా తీస్తే తేలింది. అంతకుముందు ఏడు మా జట్టులో ఒక పెద్దపిల్లవాడు ఉండేవాడు. ఎక్కణ్ణించి వేసినా పడేది. అతను పది పాసై వెళ్ళిపోయాడు. అతని చోటు ఖాళీ అయింది గనక, ఆ పని కూడా బుడ్డోడి నెత్తిన పెట్టారు. పెట్టింది ఎవరు? మేమే.

ఇక లక్ష్మణ్ సంగతికి వస్తాను. చింతమాను కింద అతని పేరెత్తినవాడు తెలియకనే అసలు విషయం పట్టుకున్నాడు.

వి.వి.ఎస్. లక్ష్మణ్ 1974లో హైదరాబాదులో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి అతను మునిమనుమడి వరస అవుతాడు. రాధాకృష్ణన్ గారు చిన్నతనంలో మన తిరుపతిలోనే చదువుకున్నారు గనక, మాకు లక్ష్మణ్ అంటే కాస్త సొంతవాడన్న భావం ఉండేది. వైద్యం చదవవలసినవాడు క్రికెట్టు దారి పట్టి, 1996 నవంబరులో అహమ్మదాబాదులో దక్షిణాఫ్రికామీద మొదటి టెస్టు ఆడాడు. రెండో ఇన్నింగ్సులో యాభై ఒక్క పరుగులు చేశాడు. ఆ టెస్టు మనమే గెలిచాము.

కాని చిక్కేమిటంటే, అతను నేర్చుకున్న చోటు జట్టు నడుమవరస. అక్కడ అజరుద్దీన్, టెండూల్కర్, గంగూలీ, ద్రావిడ్ పీటలు వేసుకుని కూచున్నారు. ఖాళీ ఉన్నది అందరికన్నా ముందు బ్యాటుపట్టే చోట. అప్పుడు బంతి కొత్తది, గట్టిది. గాలిలో వంపులు తిరుగుతుంది. బౌలర్లు అలిసిపోయి ఉండరు. ఆ పని వేరే విద్య. లక్ష్మణ్‌ను తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టారు. ఒకసారి ఆడితే పదిసార్లు విఫలమయ్యేవాడు. 1998 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియామీద 95 చేశాడు. అయిదు పరుగుల్లో సెంచరీ తప్పిపోయింది. జట్టులోకి రావటం, పోవటం, మళ్ళీ రావటం. "ఇతను పనికిరాడు" అని ఒకరు, "చెయ్యి చూడండి, ఎంత సొగసో!" అని ఇంకొకరు. టీ అంగళ్ళ దగ్గర ఇదే వాదన.

2000 జనవరిలో సిడ్నీలో జట్టంతా కుప్పకూలుతుంటే అతనొక్కడు 167 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్సులో జట్టు మొత్తం 261. అతని తరువాత ఎక్కువ చేసినవాడివి ఇరవై అయిదు! మొదటి టెస్టు ఆడిన మూడేళ్ళకు పైగా అయ్యాక వచ్చిన మొదటి సెంచరీ అది. అయినా కొద్ది నెలలకే చోటు పోయింది. అప్పుడు లక్ష్మణ్ ఒక సాహసం చేశాడు. ఇక ముందువరసలో ఆడనని తేల్చి చెప్పేశాడు. జట్టులో చోటు లేనివాడు, ఇచ్చిన చోటు వద్దనటం చూశారా! చెప్పి ఊరుకోలేదు. హైదరాబాదు తరఫున నడుమవరసలో ఆడి, ఆ రంజీ సీజనులో 1,415 పరుగులు చేశాడు. కర్ణాటకమీద సెమీఫైనల్లో ఒక్కడే 353. ఒక సీజనులో అన్ని పరుగులు అంతకుముందు ఎవరూ చెయ్యలేదు.

ఇంతవరకూ ఆ నవంబరులో నేను మా పిల్లలకు చెప్పిన కథ. తరువాతి కథ నాకూ అప్పటికి తెలియదు.

2001 మార్చి, కలకత్తా. ఆస్ట్రేలియా అప్పటికి వరసగా పదహారు టెస్టులు గెలిచి ఉంది. వాళ్ళు 445 చేస్తే మనవాళ్ళు 171కే అయిపోయి, వెంటనే మళ్ళీ బ్యాటింగుకు దిగవలసి వచ్చింది. మొదటి ఇన్నింగ్సులో ఆరోవాడుగా వచ్చిన లక్ష్మణ్ యాభై తొమ్మిది చేశాడు. అది చూసి కోచి జాన్ రైటు, కెప్టెన్ గంగూలీ అతన్ని ఈసారి మూడోవాడుగా పంపించారు. నాలుగోరోజు, మార్చి 14న, లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దున దిగి సాయంత్రం దాకా ఆడారు. ఒక్క వికెట్టు పడలేదు. ఆ ఒక్కరోజే 335 పరుగులు! లక్ష్మణ్ 281 చేసి అవుటయ్యాడు. భారతదేశం తరఫున అప్పటికి టెస్టుల్లో అంత పెద్ద స్కోరు ఎవరిదీ లేదు. మనం 171 పరుగుల తేడాతో గెలిచాము. మా ఊరి టీ అంగడిలో టీవీ ముందు నిలబడటానికి చోటు లేదు. మా విద్యార్థులలో సగంమంది ఆ మధ్యాహ్నం బడిలో లేరు. హాజరు పట్టీ ఎలా రాశానని మాత్రం అడక్కండి.

అక్కడితో వాదన ఆగిపోయిందనుకోకండి. లక్ష్మణ్ 2012లో ఆట మానేసేనాటికి 134 టెస్టులు ఆడి, 8,781 పరుగులు చేశాడు. కాని ఒక్కరోజు ఆటల ప్రపంచకప్పులో ఒక్కసారి కూడా ఆడలేదు. 2003లో అతన్ని తీసుకోనందుకు తప్పు చేశారని కొందరు, సరే చేశారని కొందరు ఈనాటికీ అంటూనే ఉంటారు.

బాస్కెట్‌బాల్‌లోనే కావాలంటే స్టీవ్ నాష్ అనే గార్డు ఉన్నాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి కెనడాలో పెరిగాడు. అమెరికాలో 1996లో ఫీనిక్సు నగరపు జట్టు అతన్ని ఎన్నుకున్నప్పుడు, ఆ ఊరి అభిమానులే వెక్కిరింపుగా కేకలు వేశారు. రెండేళ్ళకు అతన్ని డల్లాస్ జట్టుకు ఇచ్చేశారు. అక్కడ మొదటి సీజనులో గాయాలతో ఆడాడు. వేసిన బంతులలో నూటికి ముప్ఫయ్యారే పడ్డాయి. బంతి అతని చేతికి వస్తే చాలు, సొంత ఊరి జనమే అరిచేవారు. కోచి డాన్ నెల్సన్ మాత్రం అతన్ని కూచోబెట్టలేదు. నాష్ 2004లో తిరిగి ఫీనిక్సుకే వెళ్ళి, 2005లోనూ 2006లోనూ ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడని బహుమతి పొందాడు. ఆట మొత్తంమీద చూస్తే అతను వేసినవాటిలో నూటికి నలభై తొమ్మిది పడ్డాయి. తోటివారికి అందించి వేయించినవి పదివేలకు పైగా! డల్లాస్‌లో ఆ మొదటి ఏడు అరిచినవాళ్ళు చూసింది సంచిలోనుంచి తీసిన కొన్ని పిక్కలను మాత్రమే. అయితే ఒకటి: అలా కేకలు తిన్నవారందరూ నాష్‌లు కారు. చాలామంది నిజంగానే ఆడలేక వెళ్ళిపోయారు. వారి పేర్లు మనకు తెలియవు గనక, వారి కథలు ఎవరూ చెప్పరు.

బుడ్డోడి సంగతి మధ్యలో వదిలేశాను గదూ? నోటుపుస్తకం చూశాక డ్రిల్లు మాస్టరుగారు అతనికి ఒకే ఒక్క కట్టడి చేశారు: దూరంనుంచి వెయ్యవద్దు, దగ్గరకు వస్తే వెయ్యి, లేకపోతే అందించు. 2001 జనవరిలో, సంక్రాంతి దాటాక, తిరుపతిలో పోటీలు జరిగాయి. మొదటి ఆట గెలిచాము. రెండో ఆటలో చివరి అరనిమిషానికి ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాము. బుడ్డోడు బంతిని నడిపించుకుంటూ ఇద్దరిని తప్పించి, రింగుకు కుడిపక్కన ఆరడుగుల దూరంలో నిలబడ్డాడు. ఎదురుగా ఎవరూ లేరు. "కొట్టరా! కొట్టు!" అని మావాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎడంపక్కన మా పొడుగుపిల్లవాడు కూడా ఖాళీగా ఉన్నాడు. బుడ్డోడు ఒక్క క్షణం రింగువంక చూసి, బంతిని అతనికి అందించాడు. అతను వేశాడు. బంతి రింగుమీద రెండుసార్లు గంతులు వేసి బయట పడింది. ఈల వేశారు. ఒక్క పాయింటుతో ఓడిపోయాము.

తిరుగుబస్సులో మళ్ళీ సభ మొదలైంది. కొట్టవలసింది అని సగంమంది, అందించటమే సరి అని సగంమంది. సైకిలుషాపు పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, "మీరు చెప్పండి సార్, వాడు కొట్టి ఉండాలా, వద్దా?" అని అడిగాడు. నేను ఆడపిల్లవైపు చూశాను. ఆ పిల్ల సంచిలోనుంచి నోటుపుస్తకం తీసి, బస్సు కుదుపుల్లో పేజీలు తిప్పి చూసి చెప్పింది: "ఆ కుడిపక్కనుంచి వేసినవి మూడు సార్. పడినవి రెండు."

"మూడేనా! మూడు చూసి ఏం చెప్తాం సార్?" అన్నాడు సైకిలుషాపు పిల్లవాడు. నవంబరులో ఆ అర్జీ రాసిన దస్తూరి వాడిదే.

చంద్రగిరి కోట కనబడేదాకా వాదన తెగలేదు. బుడ్డోడు కిటికీ పక్కన కూచుని చెనిక్కాయలు వలుచుకుంటున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. బస్సు మా ఊరి మలుపు తిరిగేటప్పుడు తనంతట తనే, "ఈసారి నేనే కొడతా," అన్నాడు.